సూర్యుణ్ణి చేపల లారీల్లో తూచిన మా గ్రేస్ టీచర్

నిన్న పొద్దున తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో ఉండగా ఫోన్ మోగింది. గ్రేస్ గారి భర్త రాజారత్నం గారు.

"గ్రేస్ వెళ్లిపోయిందండి," అన్నారు.

"ఎక్కడికండీ?" అని అడిగాను.

నిజంగానే అలా అడిగాను. ఒంట్లో బాగాలేదని తెలుసు. కిందటి వారమే ఏలూరు హాస్పిటల్లో చూసొచ్చాను కూడా. అయినా ఆ మాట బుర్రకెక్కలేదు.

ఎక్కాక, బస్తాల మధ్యే కూలబడిపోయాను.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. గ్రేస్ మణి గారు, నేను కొల్లేరు ఒడ్డున ఒక హైస్కూల్లో చాలా ఏళ్లు కలిసి పనిచేశాం. ఆవిడ ఫిజిక్స్, నేను తెలుగు. ఏలూరు నుంచి రోజూ ఒకే బస్సు.

ఇది ఏడుపు పోస్ట్ కాదు. ఆవిడకి అలాంటివి నచ్చవు.

ఒకరోజు తొమ్మిదో తరగతిలో సూర్యుడి ద్రవ్యరాశి పాఠం. కిలోల్లో రాయడానికి బోర్డు మీద రెండు వేసి, పక్కన ముప్పై సున్నాలు పెట్టడం మొదలుపెట్టారు. బోర్డు సరిపోక చివరి సున్నాలు గోడ మీదికి పాకాయి.

పిల్లలు నోరెళ్లబెట్టారు. అందరూ చేపల చెరువుల ఇళ్ల పిల్లలే. నాగమణి అనే పిల్ల లేచి, "కిలోల్లో అయితే మాకు తెలవదండి టీచర్. టన్నుల్లో చెప్పండి," అంది. వాళ్ల నాన్న చేపలు పట్టించి లారీలకి ఎత్తించే మనిషి.

గ్రేస్ గారికి అంతకన్నా ఏం కావాలి! క్లాసు మొత్తాన్ని లేపి, రోడ్డు మీద లారీలు తూచే కాటా దగ్గరికి నడిపించుకెళ్లిపోయారు. ఆ పీరియడ్ ఖాళీగా ఉన్నానని నన్నూ లాక్కెళ్లారు.

అక్కడ ఐసు నీళ్లు కారుతూ చేపల లారీ ఒకటి నిలబడి ఉంది.

"టన్నంటే వెయ్యి కిలోలు. మూడు సున్నాలు కొట్టేయండి. ఈ లారీలో పది టన్నుల చేప ఉంది. ఇంకో సున్నా కొట్టేయండి. ఇప్పుడు సూర్యుడు ఎన్ని లారీలు?"

"రెండు పక్కన ఇంకా ఇరవై ఆరు సున్నాలు ఉండిపోయాయండి!" అని పిల్లలు గోల.

లారీ డ్రైవర్ కిందికి దిగొచ్చి, "అన్ని బళ్లు మన జిల్లాలో దొరకవండి మేడం గారూ," అన్నాడు, చాలా సీరియస్‌గా.

నవ్వీ నవ్వీ మాకు పొట్టలు నొప్పెట్టాయి.

ఆ ఊపులో ఆవిడ ఇంకో సంగతి చెప్పేశారు. సూర్యుడు వెలుగివ్వడంలోనే సెకనుకి సుమారు నలభై లక్షల టన్నుల బరువు తగ్గిపోతాడని. పిల్లలే టకటకా లారీల్లోకి మార్చేశారు. సెకనుకి నాలుగు లక్షల లారీలు!

అక్కడే కొంప మునిగింది.

మర్నాడు హెడ్మాస్టర్ గారు పిలిచారు. పర్మిషన్ లేకుండా పిల్లల్ని రోడ్డెక్కిస్తారా, మెమో ఇస్తున్నాను అన్నారు. ఆయన తప్పేం లేదు, అది లారీలు తిరిగే రోడ్డు. గ్రేస్ గారు తల వంచుకు నిలబడ్డారు.

అంతలో నాగమణి వాళ్ల నాన్న నలుగురు మనుషుల్ని వెంటేసుకుని గేట్లోంచి వస్తున్నాడు. "చూశారా, కంప్లైంట్ కూడా వచ్చేసింది," అన్నారు హెడ్మాస్టర్ గారు.

నాగమణి నాన్న దగ్గరికొచ్చి, తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"అమ్మా, మా పిల్ల నిన్నటి నుంచి అన్నం ముట్టలేదండి. సూర్యుడు కరిగిపోతన్నాడంట కదండి. ఎన్నాళ్లుంటాడో తమరే కాస్త చెప్పాలండి." గొంతు తగ్గించి, "మాకూ భయంగానే ఉందండి," అన్నాడు.

గ్రేస్ గారు నవ్వలేదు. వాళ్లందరినీ వరండాలో కూర్చోబెట్టి, నాగమణిని పిలిచి, సుద్దముక్క ఆ పిల్ల చేతికే ఇచ్చారు.

ఉన్న టన్నులు రాయించారు. సెకనుకి పోయే టన్నులతో భాగించమన్నారు. వచ్చిన సెకన్లని ఏళ్లలోకి మార్చమన్నారు. ఆ పిల్ల కళ్లు తుడుచుకుంటూ, గచ్చు మీద మోకాళ్ల మీద జరుగుతూ రాసుకుపోయింది.

జవాబు లక్షల కోట్ల ఏళ్లని తేలింది.

"ఇలా కరిగిపోవడానికి అంత కాలం పడుతుందమ్మా. ఆలోపే ఆయన వేరే రకంగా ముసలాడవుతాడు. దానికీ వందల కోట్ల ఏళ్లుంది. వెళ్లి అన్నం తిను."

వాళ్ల నాన్న గట్టిగా ఊపిరి వదిలాడు. "అయితే ఈ ఏడు చేపకి ఇబ్బంది లేదన్నమాటండి!"

వరండా అంతా నవ్వులు. హెడ్మాస్టర్ గారు మెమో మాట మళ్లీ ఎత్తలేదు. పైగా, "మరి చంద్రుడి సంగతేంటండీ?" అని ఆయనే అడిగారు.

నాగమణి ఆ మధ్యాహ్నం మారు వడ్డించుకుని మరీ తింది.

గ్రేస్ గారి తీరే అది. హాస్పిటల్లోనూ మారలేదు.

కిందటి వారం నేను వెళ్లినప్పుడు నర్సు ఆవిడ బరువు చూసింది. నలభై కిలోలు. ఒకప్పుడు అరవై ఉండే మనిషి. రాజారత్నం గారి మొహం వాడిపోయింది.

"ఏవండీ, ఆ మొహమేంటి? నా బరువుని సూర్యుడి బరువుతో భాగించి చూడండి. అరవై ఉన్నప్పుడు దశాంశం పక్కన ఇరవై ఎనిమిది సున్నాలు పెట్టి మూడు. ఇప్పుడు అన్నే సున్నాలు పెట్టి రెండు. ఆ మాత్రం దానికే దిగులా?"

ఆయన కళ్లు తుడుచుకుంటూనే నవ్వేశారు.

నర్సమ్మాయి కదల్లేదు. "మరి నేనెంతవుతానండీ మేడం?" అంది. ఆవిడ దిండుకి ఆనుకుని కూర్చుని, పాఠం మొదలుపెట్టారు.

ఇవాళ ఏలూరులో మట్టి చేశాం. పాటలు పాడుతుంటే వెనక నిలబడ్డ పాత స్టూడెంట్లు ఆవిడ కబుర్లేవో చెప్పుకుని కిసుక్కుమన్నారు. ఎవరో కసిరారు. రాజారత్నం గారు వెనక్కి తిరిగి, "నవ్వనివ్వండి," అన్నారు.

గ్రేస్ గారూ, వెళ్లిరండి. మీరు నమ్ముకున్న ప్రభువు దగ్గర నొప్పి లేకుండా, నిశ్చింతగా ఉండండి.

మీతో గడిపిన రోజులు నాకు చాలనుకుందామని చూస్తున్నాను. చాలడం లేదండి.