తోస్తే తిరిగి తోసిన బస్సు

యుద్ధకాలం. పెట్రోలు దొరక్క మా వైపు బస్సులన్నీ వెనకాల బొగ్గు పొయ్యి కట్టుకుని, దాని గ్యాసుతో తిరుగుతున్న రోజులు. కుప్పంలో ఒక హైస్కూలుకు సైన్సు అయ్యవారు కావాలంటే అర్జీ పెట్టాను. శనివారం ఉదయం వచ్చి, హెడ్మాస్టరు ముందు చలన సూత్రాల్లో మూడోదాన్ని పిల్లలకు బోధించి చూపమని కబురు వచ్చింది. అప్పటికి ఏడాదిగా మదనపల్లెలో అక్కగారింట్లో ఉంటూ ట్యూషన్లు చెప్పుకుంటున్నాను. ఈ ఉద్యోగం నాకంటే మా బావకే ఎక్కువ అవసరమని ఆయన ముఖం చూస్తేనే తెలిసేది.

శుక్రవారం ఉదయం ఆరు గంటల బస్సు, పొయ్యి రాజుకునేసరికి ఏడున్నరకు కదిలింది. ఈ దారిన పోయేవారు వెనక సీట్లో కూర్చోకపోవడం మంచిది. పొగకు కళ్లు మండుతాయి. పుంగనూరులో కాసేపు ఆపారు. ఇడ్లీ మెత్తగా ఉంది, కాఫీ మాత్రం బస్సు పొగలాగే ఉంది. అక్కడ వేరుశెనగ నూనె వ్యాపారి ఖాదర్ సాహెబు ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. ఆయన నూనె డబ్బాను బస్సు వెనకాల మెట్టు మీద తాడుతో కట్టారు. ఎదుటి సీట్లో పుట్టమ్మవ్వ, ఒళ్లో పెద్ద పనసపండు. పలమనేరులో ఉన్న కూతురికి తీసుకుపోతోంది.

ఊరు దాటగానే, గట్టున మేస్తున్న ఎనుము ఒకటి దారికి అడ్డం వచ్చింది. డ్రైవరు రంగప్ప గట్టిగా బ్రేకు తొక్కాడు. పనసపండు అవ్వ ఒళ్లోంచి దూకి, దొర్లుకుంటూ పోయి ఆయన మడమకు తగిలింది.

"నీ బండి ఆగితే ఆగనీ, నా పండును యాల తోసినావప్పా?" అని అవ్వ గొడవకు దిగింది.

నేను ఊరుకోలేకపోయాను. "ఆయప్ప తోయలేదవ్వా. బస్సు ఆగింది గానీ పండును ఆపేవాళ్లెవరూ లేరు. అది అట్లే ముందుకు పోయింది."

"ఓ, అయ్యవారా నువ్వు!" అంది అవ్వ.

ఆ మాటతో నాకు ఉత్సాహం వచ్చేసింది. మరుసటి రోజు పాఠాన్ని ఒకసారి అప్పజెప్పుకున్నట్టుంటుందని, మూడో సూత్రం ఎత్తుకున్నాను. మనం దేన్ని ఎంత బలంగా తోస్తే, అదీ మనల్ని అంతే బలంగా తోస్తుందని బస్సంతటికీ వినపడేలా చెప్పాను. ఖాదర్ సాహెబు ముందు సీటును అరచేత్తో చరిచి, చెయ్యి విదిలించుకుని, "నిజమేనప్పా, కొడ్తాది!" అన్నాడు.

పెద్దపంజాణి దాటాక ఒక మిట్ట ఎక్కలేక బస్సు నిలిచిపోయింది.

"దిగండప్పా, తోయాల," అన్నాడు రంగప్ప.

పండు మళ్లీ దొర్లుతుందని అవ్వ మాత్రం లోపలే ఉండిపోయింది. మిగిలిన వాళ్లం దిగాం. దిగారే గాని ఒక్కరూ చెయ్యి వెయ్యలేదు. అందరూ పోయి గట్టు మీద కూర్చున్నారు.

"యాల తోసేది?" అన్నాడు ఖాదర్ సాహెబు. "మనం ఎంత తోస్తే అదీ అంతే తోస్తాదని అయ్యవారే చెప్పె గదా. దీనికీ దానికీ సరిపాయె. ఇంక బండి యాడికి కదుల్తాది?"

"ఈయప్పను నా బండికి ఎక్కించిందెవరప్పా?" అని రంగప్ప తల పట్టుకున్నాడు.

 మధ్యాహ్నం పలమనేరులో కుప్పం బస్సు తప్పిపోతే ఆ రోజుకు మరొకటి లేదు. రెండు తోపులూ ఒకే వస్తువు మీద పడవని, ఒకటి బస్సు మీద, ఇంకొకటి మన మీద అని ఎంత చెప్పినా ఎవరికీ ఎక్కలేదు. కోపమొచ్చి నేనొక్కడినే వెనక్కి పోయి, కాళ్లు బిగించి తోశాను. బస్సు ఉన్నచోటే ఉంది. నేను మాత్రం బోర్లా పడి, మిట్ట కిందికి బారెడు దూరం పొట్ట మీద జారిపోయాను.

"సూడండప్పా! బండి అయ్యవారిని తోసేసింది!" అని అవ్వ కిటికీలోంచి అరిచింది. గట్టు మీద వాళ్లు చప్పట్లు కొట్టారు.

ఖాదర్ సాహెబు ఒక్కడే కొట్టలేదు. "అరే అల్లా, నా నూనె!" అంటూ పరిగెత్తుకొచ్చాడు. డబ్బా చిల్లుపడి నూనె నేల మీద మడుగు కట్టింది. నేను కాళ్లు పెట్టింది సరిగ్గా అందులోనే.

పడుకున్న చోటినుంచే చెప్పాను. "బండి నన్ను తోసిన మాట నిజమే. కాళ్లకింద నూనె ఉండాది, నేలను తన్ని నిలబడలేక జారినాను. కాలికి పట్టుంటే నేను నిలబడతాను, కదలాల్సింది బండే అవుతాది."

అవ్వ కిటికీలోంచి తల బయటికి పెట్టింది. "అంటే బండిని తోయాలంటే ముందు నేలను తన్నాల. అంతేనా?"

"అంతేనవ్వా!"

"ఆ మాట ముందే చెప్పి ఉంటే ఈపాటికి పలమనేరులో ఉందుము గదా!"

నూనె మీద ఇసుక చల్లి అందరం తోశాం. బస్సు కదిలింది, ఇంజను అందుకుంది. ఆపితే మళ్లీ అందుకోదన్న భయంతో రంగప్ప ఆపనే లేదు. మిట్ట దాటి అవతలి పల్లంలోకి దిగిపోయాడు. మేమంతా వెనకాల పరుగు. "ఆపమంటాండాను, ఇనడం లేదు! పరిగెత్తండప్పా!" అని అవ్వ లోపలినుంచి కేకలు.

ఒక్కొక్కరం ఎట్లాగో ఎక్కి పలమనేరు చేరేసరికి, అదృష్టం కొద్దీ కుప్పం బస్సు కూడా పొయ్యి రాజుకోక అక్కడే ఉంది. దీపాలు పెట్టే వేళకు కుప్పం చేరాను. స్టేషను దగ్గరి సత్రంలో చోటు దొరికింది. ఉన్నది ఒంటి మీది కోటొక్కటే. ఎంత తోమినా నూనె వదల్లేదు.

మరుసటి ఉదయం నేను క్లాసులోకి అడుగుపెట్టగానే ముందు బెంచీ వాళ్లు ముక్కులు ఎగబీల్చారు. పాఠం మొదలుపెట్టీ పెట్టకముందే హెడ్మాస్టరు వెనకనుంచి అడిగారు: "రెండు తోపులూ సమానమైతే వస్తువు కదిలేదెట్లా?"

"నిన్న ఈ ప్రశ్న మీదే పొట్టతో జారానండీ," అని జరిగిందంతా చెప్పాను. క్లాసు గొల్లుమంది. ఆయన కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు.

"సోమవారం వచ్చి చేరండి. కోటు మాత్రం మార్చుకోండి," అన్నారు.

తిరుగు ప్రయాణంలో చేతిలో ఉద్యోగం, కడుపునిండా సత్రం భోజనం. పలమనేరులో బస్సు మారాను. ఈ దారిలో దూరం చాలా తక్కువ, ప్రయాణం చాలా ఎక్కువ. అయినా ఇన్ని గంటలు నవ్వుకుంటూ మరే దారిలోనూ పోయి ఉండను. పక్కన కూర్చున్న పెద్దమనిషి నా కోటు వాసన చూసి, "నూనె వ్యాపారమా అప్పా?" అన్నాడు.

"లేదప్పా, బడిలో అయ్యవారిని."

"అట్లనా! ఏం చెప్తావు?"

సైన్సు అనబోయి నాలుక కరుచుకున్నాను. "తెలుగు," అన్నాను.

ఆయన కాళ్లు రెండూ సీటు మీదికి తీసుకుని సర్దుకు కూర్చున్నాడు. "మంచి మాట చెప్పినావు. ఒక పద్యం రాగం తీసి పాడప్పా, ఇందాం."

పుంగనూరు వచ్చేదాకా పాడుతూనే ఉన్నాను.