శాలువాల నాటకం

సియాటిల్ దగ్గర మా ఊళ్లో చిన్న కమ్యూనిటీ థియేటర్ ఉంది. ఈ స్ప్రింగ్ సీజన్‌లో ఒక్కో ఆదివారం ఒక్కో భాషవాళ్లకి స్టేజ్ ఇచ్చారు. కొరియన్లు టైమ్‌కి మొదలుపెట్టి టైమ్‌కి ముగించారు.

తర్వాతి ఆదివారం మా వంతు. చలికాలమంతా మా గరాజ్‌లో రిహార్సల్ చేసిన నాటకం. మేం మేకప్ వేసుకుని తెర పక్కన నిలబడ్డాం. మా తెలుగు సంఘం ప్రెసిడెంట్ మైక్ పట్టుకున్నాడు. ఇక వదిలితేగా! స్పాన్సర్‌కి శాలువా, ఆయన భార్యకి శాలువా, శాలువాలు తెచ్చిపెట్టినాయనకి కూడా శాలువా. ప్రతివాడూ రెండు ముక్కలంటూ పురాణం విప్పాడు.

చివరికి మా నాటకం మొదలైంది. తల్లి పాత్రలో నేను కొడుకుని నిలదీస్తుండగా హాల్లో లైట్లు వెలిగాయి. టైమ్ అయిపోయింది, ఖాళీ చేయమన్నాడు థియేటర్ మేనేజర్. ఆయన్ని ఏమనగలం?

మేకప్ తీయకముందే ప్రెసిడెంట్ వచ్చి, "అదిరిందండీ!" అంటూ మిగిలిన శాలువా ఒకటి నాకు కప్పి, కెమెరా వైపు తిరిగి నవ్వాడు.

"మీరు నాటకం చూశారా?" అన్నాను.

"లేదండీ, బయట గెస్టులకి బిర్యానీ పెట్టిస్తున్నా."

ఇప్పుడు ఆ శాలువాతో కారు తుడుస్తున్నాను. అందుకూ పనికిరావడం లేదు. చుక్క నీరు పీల్చదు.