అర్జెంటుగారింటి కుట్టుమిషను

అయినా మీరే చెప్పండి, ఊరందరి సామాన్లూ ఆగమేఘాల మీద చేర్చే మనిషి, సొంతింటి కుట్టుమిషన్ని బజారు చివరిదాకా చేర్చలేకపోయాడంటే ఎవరైనా నమ్ముతారా? వాళ్ళావిడా నమ్మలేదు. వచ్చిన చిక్కల్లా అదే.

వీధిలో అతన్ని అర్జెంటు అంటారు. మొదట్లో చాటుగా అనేవాళ్ళు, తర్వాత మొహం మీదే అన్నారు, ఇప్పుడు అతనే ఫోనెత్తి "అర్జెంటుని మాట్లాడుతున్నా" అంటాడు. ఒకప్పుడు ఒక కంపెనీ బస్సుకు జీతం డ్రైవరు. పైఅధికారి మాట పడలేక అది మానేసి, తలుపులన్నీ మూసుకునే ఒక వ్యాను కొనుక్కున్నాడు. అప్పట్నుంచీ డ్రైవరూ తనే, క్లీనరూ తనే, ఓనరూ తనే. తిట్టాలన్నా తన్ను తనే తిట్టుకోవాలి.

అతని పనేమిటంటే, ఎక్కడో ఒక ఫ్యాక్టరీలో మిషను ఆగిపోతుంది. దానికి కావలసిన ముక్క ఇంకెక్కడో ఉంటుంది. లారీలో వేస్తే పదిమంది సరుకుతో కలిసి, పది ఊళ్ళు తిరిగి తీరిగ్గా వస్తుంది. అంతదాకా ఆగలేనివాళ్ళు ఇతనికి ఇస్తారు. ఒక వ్యాను, ఒక డ్రైవరు, ఒకటే లోడు. మధ్యలో ఆగకూడదు, ఇంకొకరి సామాను ఎక్కించకూడదు. రెండో సామాను కనపడిందో, ఇక ఆ మనిషికి పని ఇవ్వరు. తోటి డ్రైవరొకడు దారిలో ఎవరిదో ఫ్రిజ్జు ఎక్కించుకుని, గేటు దగ్గర వాచ్‌మన్‌కి దొరికిపోయాడు. వాడిప్పుడు బడిపిల్లల ఆటో తోలుతున్నాడు.

ఇంకో సంగతి. బుకింగ్ ఆఫీసు నుంచి ఫోనొస్తే ముందు ఎవరు "రెడీ" అంటే లోడు వాళ్ళదే. ఆలోచించుకుని చెబుతానన్నవాడికి ఆలోచనే మిగులుతుంది. అందుకని అతని నోట్లో ఆ మాట ఎప్పుడూ నానుతూనే ఉంటుంది. ఒకసారి పన్ను పీకించుకుని నోటినిండా దూది పెట్టుకుని కూర్చున్నప్పుడు ఫోను మోగితే, "లెలీ" అన్నాడట. బుకింగ్ అమ్మాయి దాన్నే రెడీ కింద రాసుకుంది. రెండో మాట "దారిలో ఉన్నా". ఇంకా లుంగీలోనే ఉన్నా సరే, సరుకు ఏమైందని అడిగితే దారిలో ఉన్నా. ఈ రెండు మాటల మీదే ఇల్లు నడుస్తోందని వాళ్ళావిడ నవ్వేది.

ఇల్లు నిజానికి ఆవిడ వల్ల కూడా నడిచేది. ముందుగదిలో కిటికీ పక్కన కుట్టుమిషను వేసుకుని వీధిలో వాళ్ళ బట్టలు కుట్టేది. అందరికీ టైలరక్క. వ్యాను రోజుల తరబడి ఖాళీగా నిలబడినప్పుడు కూడా ఆ మిషను ఆగలేదు. బడులు తెరిచే ముందు యూనిఫారాల గిరాకీ ఊపిరాడనివ్వదు. సరిగ్గా అప్పుడే మిషను మొరాయించింది. కుట్టు మీద కుట్టు వదిలేస్తోంది, దారం చిక్కు పడుతోంది.

"ఏవండీ, ముందు దీన్ని మిషన్ల డాక్టరు దగ్గర దింపండి. తర్వాత మీరు ఏ లోకానికి వెళ్ళినా నేనేమీ అడగను" అంది ఆ పొద్దున. బజారు చివర కుట్టుమిషన్లు బాగుచేసే ముసలాయన్ని అందరూ అలాగే పిలుస్తారు.

"దారిలోనే కదే, దింపేసి పోతా."

"మీ దారి నాకు తెలుసు. ముందు దింపండి."

ఇద్దరూ కలిసి స్టాండుతో సహా వ్యాన్లోకి ఎక్కించారు. వీధి మలుపు తిరిగాడో లేదో ఫోను.

"అన్నా, లోడుంది, రెడీయా?"

"రెడీ చెల్లెమ్మా."

అనేశాక గుర్తొచ్చింది వెనకాల మిషను. బజారు ఒకవైపు, లోడింగ్ ఇంకోవైపు. వచ్చేటప్పుడు దింపుదాంలే అనుకున్నాడు. లోడింగ్ దగ్గర కుర్రాళ్ళు పెద్ద చెక్కపెట్టె ఎక్కించారు. మిషన్ని మూలకు నెట్టి దుప్పటి కప్పాడు. హైవే ఎక్కాక ఆ దుప్పటి అద్దంలో కనపడుతున్నకొద్దీ ఫ్రిజ్జు డ్రైవరే కళ్ళముందు ఆడాడు. గేటు దగ్గర వాచ్‌మన్ తలుపు తీసి, ఇదేంటయ్యా అంటే? మా ఆవిడ మిషను సార్ అంటే వాడు నమ్మాలిగా. ఫ్రిజ్జువాడు కూడా అది మా అత్తగారిదే అన్నాడు.

రోడ్డు పక్కన ఒక పంక్చర్ షాపు కనపడింది. రేకుల పందిరి, ముందు పాత టైర్ల దొంతర, ఒక పెద్దాయన.

"పెద్దాయనా, ఇది కాస్త మీ దగ్గర పెట్టుకోండి. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు తీసుకుపోతా."

"నేను టైర్లు అతుకుతాను నాయనా, లాగులు కాదు."

"ఊరికే ఉంచండి చాలు."

"సాయంత్రమంటే ఏ సాయంత్రం?"

"ఇవాళే పెద్దాయనా."

పెద్దాయన నవ్వి ఒక టైరు జరిపి చోటు చూపించాడు. ఆ తొందరలో ఇతను ఫోన్ నంబరు తీసుకోలేదు, ఇవ్వలేదు.

చెక్కపెట్టె కోసం ఫ్యాక్టరీ గేటు దగ్గర మేనేజరుతో సహా అందరూ అల్లుడొస్తున్నట్టు నిలబడి ఉన్నారు. దించుకున్నాక ఎవరూ మొహం చూడలేదు. అది మామూలే. వెనక్కి తిప్పుకునేలోపే ఫోను, అక్కణ్ణుంచి ఇంకో ఊరికి లోడు. రెడీ. అక్కడికి పోతే ఇంకోటి. రెడీ. చివరికి ఇల్లు చేరింది వేరే రోడ్డు మీదుగా. లోపలికి అడుగు పెట్టీ పెట్టగానే ఆవిడ అడిగింది.

"మిషను ఇచ్చారా?"

"ఇచ్చా."

ఎందుకలా అన్నాడంటే అతనికీ తెలియదు. ఫోనెత్తి రెడీ అన్నట్టే నోట్లోంచి వచ్చేసింది. రేపో ఎల్లుండో అటు లోడు పడకపోదు, తెచ్చేస్తే అబద్ధం నిజమైపోతుంది అనుకున్నాడు. కానీ అటువైపు లోడే పడలేదు. ఖాళీ బండితో అంతదూరం పోవాలంటే డీజిలుకి చేతి డబ్బు పెట్టుకోవాలి, ఆ పూట వచ్చే లోడు ఇంకొకడు ఎగరేసుకుపోతాడు. అలా అలా నానింది.

ఇంట్లో మాత్రం రోజుకో కథ అల్లాల్సి వచ్చింది. ఒకరోజు డాక్టరుకి జ్వరం, ఒకరోజు సామాను దొరకలేదు, ఇంకోరోజు ఆయన కూతురింటికి వెళ్ళాడు. పాపం ఆ ముసలాయన తనకు తెలియకుండానే నానా కష్టాలూ పడ్డాడు.

టైలరక్క చేత్తో కుట్టడం మొదలుపెట్టింది. పట్టీలు, గుండీలు చేత్తో అయితే అవుతాయి, నిక్కర్లు ఎక్కడవుతాయి? ఒక్కొక్క తల్లీ వచ్చి గుడ్డ వెనక్కి అడగసాగింది. "ఏమనుకోకు అక్కా, బడి తెరిచే టైమైంది" అంటుంటే ఆవిడ గుడ్డ మడతపెట్టి నవ్వుతూ ఇచ్చేది. వాళ్ళు వెళ్ళాక కిటికీ పక్కన మిషను ఉండే చోట, నేల మీద నాలుగు కాళ్ళ మచ్చల మధ్య కూర్చునేది. అతను ఆ గదిలోంచి గబగబా దాటిపోయేవాడు.

ఆ రోజు చొక్కా వేసుకుంటుంటే ఆవిడ వచ్చి ఏదో జేబులో పడేసింది. బాబిన్ కేసు. మిషను కింద దారం చుట్ట కూర్చునే చిన్న ఉక్కు గిన్నె.

"ఇదేంటే?"

"పంపే ముందు రోజు తుడుద్దామని తీసి కిటికీలో పెట్టా. మర్చిపోయా. ఇప్పుడు దొరికింది." అతని కళ్ళలోకే చూస్తోంది. "ఇది లేకుండా మిషను ఒక్క కుట్టు వెయ్యదు. మరి బాగైందో లేదో మీ డాక్టరు ఇన్నాళ్ళూ ఎలా చూస్తున్నాడంట?"

"ఆయన దగ్గర ఇలాంటివి బోలెడుంటాయి."

"ఉంటాయేమో. అయినా ఇచ్చి రండి. లేదంటే నేనే వెళ్ళి ఇచ్చొస్తా."

"వద్దొద్దు, నేనే ఇస్తా."

వ్యాన్లో కూర్చున్నాక చెమట పట్టింది. ఎవరి పుణ్యమో, అంతలో బుకింగ్ అమ్మాయి ఫోను. లోడు ఆ రోడ్డు మీదే. అంత గట్టిగా రెడీ అనడం ఎప్పుడూ లేదు. "చెవులు పోయాయి అన్నా" అంది ఆ పిల్ల.

పోయేటప్పుడు ఆగలేదు, ఆగకూడదు కాబట్టి. దింపేసి ఖాళీగా తిరిగొస్తూ పంక్చర్ షాపు ముందు ఆపాడు. రేకుల పందిరి అదే, టైర్లు అవే. పెద్దాయన లేడు. పందిరి కింద ఒక అమ్మాయి కూర్చుని కుడుతోంది. మిషను టకటకమని ఆగకుండా పోతోంది. పక్కన లాగుల దొంతర, చుడీదార్లు, దిండుగలీబులు. తన ఇంటి మిషనే. స్టాండుకు వాళ్ళావిడ కట్టిన ఎర్రగుడ్డ ముక్క కూడా అలాగే ఉంది.

"పంక్చరా అన్నా?" అంది లేస్తూ.

"కాదమ్మా. గాలి... గాలి చూడు."

అడగాల్సింది అది కాదని అతనికి తెలుసు. ఆ అమ్మాయి గాలి పైపు లాక్కొచ్చి టైరు దగ్గర కూర్చుంది.

"పెద్దాయన లేరా?"

"మా మామగారు లోపల నడుం వాల్చారు. ఈ మిషను వేసుకుని నేనిక్కడ కూర్చున్నప్పట్నుంచే ఆయనకు ఆ కాస్త విశ్రాంతి." నవ్వింది. "ఎవరో ఇచ్చి పోయారట, సాయంత్రం వస్తానని. మామగారు రోజూ సాయంత్రమైతే చాలు రోడ్డు వైపే చూసేవారు, పరాయి సొమ్మని ముట్టుకోనివ్వలేదు. ఇక రారులే అని నేనే పోరు పెట్టా."

"బాగుచేయించారా మరి?"

"దానికేం రోగం లేదన్నా. లోపల బాబిన్ కేసు లేదంతే. కొని వేశా. గుర్రంలా పోతోంది."

జేబులో ఉన్న ఉక్కు గిన్నె అతని చేతికి తగిలింది. అంటే పాడైంది మిషను కాదు, ఇదన్నమాట. ఒక్క చిన్న ముక్క మార్చి ఉంటే ఆ రోజే అయిపోయేది. అది ఇంట్లోనే కిటికీలో ఉంది, మిషను మాత్రం ఊళ్ళు దాటి వచ్చింది.

అది నాదేనమ్మా అనాలి. ఆ అమ్మాయి నాలుగు టైర్లకూ గాలి చూసి, చేతులు తుడుచుకుని మళ్ళీ మిషను దగ్గరకు పోయి కూర్చుంది. సగం కుట్టిన చొక్కా సూది కింద ఉంది. అప్పుడే ఫోను మోగింది.

"అన్నా, నీకు దగ్గరలోనే లోడు. రెడీయా?"

ఫోను మోగినందుకు ప్రాణం లేచొచ్చింది. అందుకు సిగ్గూ వేసింది. వాళ్ళావిడ నేల మీద కూర్చున్న చోటు గుర్తొచ్చింది, ఈ అమ్మాయి కూర్చున్న చోటు కళ్ళముందే ఉంది.

"అన్నా, ఉన్నావా? ఇంకొకళ్ళకి ఇచ్చేయనా?"

"రెడీ" అన్నాడు.

లోడు ఎక్కించుకుని మళ్ళీ హైవే ఎక్కాక ఇంటి నుంచి ఫోను వచ్చింది.

"ఏవండీ, బాబిన్ కేసు ఇచ్చారా?"

"ఇస్తా. ఆయన షాపు మూసి..."

"ఆయన మన గుమ్మంలోనే ఉన్నారు. ఇటు పోతుంటే పిలిచి కూర్చోబెట్టా. జ్వరం లేదంట. కూతుళ్ళు కూడా లేరంట, ఇద్దరూ కొడుకులేనంట."

వెనకాల ముసలాయన దగ్గడం వినపడింది. వ్యాను దాని మానాన అది పోతోంది.

"అమ్మేశారా?"

"ఛ, లేదే."

"మరి ఎక్కడుంది?"

"దారిలో ఉంది" అన్నాడు.

ఇన్నేళ్ళుగా కొన్ని వందలమందికి చెప్పిన మాటే. ఈసారొక్కటే అక్షరాలా నిజం.

"సరే. అది ఇంటికొచ్చేదాకా మీరూ దారిలోనే ఉండండి" అని పెట్టేసింది.

ముందు బండి వెనక్కి తిప్పుకునే మలుపు వచ్చింది. తిరిగితే పంక్చర్ షాపు ఎంతో దూరం లేదు. వెనకాల ఎవరిదో పెట్టె, దాని కోసం ఏదో గేటు దగ్గర ఎవరెవరో నిలబడి ఉంటారు. అతను జేబులోంచి బాబిన్ కేసు తీసి స్టీరింగు ముందు గూట్లో పెట్టాడు. లోడు దింపి వచ్చేటప్పుడు, అనుకున్నాడు. మలుపు దాటిపోయింది. గతుకు వచ్చినప్పుడల్లా ఆ ఉక్కు గిన్నె గూట్లో ఆ మూల నుంచి ఈ మూలకు దొర్లుతూ పోయింది.