ఎవాజియో ముక్కు

ఇరవై రెండేళ్ళ కిందట మా కొండ మీది ఊళ్ళో, సెప్టెంబరు విందుల్లో ఒక తగవు జరిగింది. అందులో ఎవాజియో గెలిచాడు. గ్లాసులు నింపింది నేనే కాబట్టి, అందులో మోసం లేదని నేను చెప్పగలను.

అప్పట్లో విందులో సీసాలు తెరిచే పని గౌదెన్సియోది. ప్రతి సీసా బిరడా లాగి, వాసన చూసి, బాగుంటేనే బల్లల మీదికి పంపాలి. బిరడా చెడ్డదైతే ఎంత మంచి వైనైనా ముక్కిపోతుంది. గౌదెన్సియోకి పెద్ద ద్రాక్షతోట ఉంది, సీసాలు తెరిచేవాడి గుర్తుగా ద్రాక్షగుత్తులు కుట్టిన ఏప్రన్ ఉంది, అంతకంటే పెద్ద గొంతు ఉంది. ఎవాజియో సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాలు మోసేవాడు. విందు మూడు రోజులూ పళ్ళేలు అందించడానికి వచ్చేవాడు. ఆ రోజు టొరీనో నగరం నుంచి వచ్చినవాళ్ళ బల్ల దగ్గర ఆగి, గౌదెన్సియో పోస్తున్న సీసా మీదికి వంగాడు.

"ఇది పొయ్యకండి మామా. ముక్కిపోయింది."

"సిమెంటు దుమ్ము పట్టిన ముక్కుకి బార్బెరా వైన్ వాసన కూడా తెలిసిందా?" అన్నాడు గౌదెన్సియో.

టొరీనో వాళ్ళు నవ్వారు. అప్పటికే వాళ్ళు ఆ సీసా సగం తాగి, గ్లాసులు తిప్పి తిప్పి, వాన కురిసిన అడవిలా ఉందని కళ్ళు మూసుకున్నారు.

ఎవాజియో గొంతు పెంచలేదు. "రొమిల్దక్క తెర వెనక నాలుగు గ్లాసులు నింపుతుంది. ఒకదాంట్లో ఈ సీసాది, మిగతావాటిలో ఇంకో మంచి సీసాది. ఇద్దరం వాసన చూద్దాం" అన్నాడు.

మూడుసార్లు నింపాను. మూడుసార్లూ చెడ్డ గ్లాసుని ఎవాజియో చటుక్కున పక్కన పెట్టాడు. గౌదెన్సియో ఒక్కసారి కూడా పట్టుకోలేకపోయాడు. టొరీనో వాళ్ళు తమ గ్లాసుల్ని మెల్లగా దూరం జరిపారు. అక్కడితో ఆపితే సరిపోయేది. ఎవాజియో ఆపలేదు. నూట యాభై మంది ముందు అన్నాడు:

"వాసన తెలియనివాడు సీసా దగ్గర నిలబడకూడదు మామా. పక్కకి జరగండి."

గౌదెన్సియో ఏప్రన్ విప్పి బల్ల మీద పెట్టాడు. మర్నాటి నుంచి దాన్ని ఎవాజియో కట్టుకున్నాడు. గౌదెన్సియో విందుకి రావడం మానలేదు. ఏటా ఆదివారం మధ్యాహ్నం మొదటి బల్ల దగ్గర కూర్చుంటాడు, తింటాడు, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోతాడు.

ఎవాజియోకి ఒక్క ద్రాక్షతీగ కూడా లేదు. పెళ్ళి లేదు. చర్చి వెనక రెండు అద్దె గదుల్లో ఉంటాడు. "తోట లేదు కాబట్టే నా ముక్కు ఎవరి పక్షమూ వహించదు" అనేవాడు. ఆ ముక్కుని అతను కాపాడుకున్నంతగా మా ఊళ్ళో మగవాళ్ళు పెళ్ళాల్ని కూడా చూసుకోలేదు. విందుకి వారం ముందు నుంచి వెల్లుల్లి ముట్టడు. మా వైపు ఇంతకంటే కఠినమైన ఉపవాసం లేదు. గడ్డం ఉత్త నీళ్ళతోనే గీసుకుంటాడు. సెంటు పూసుకున్నవాళ్ళని తన బల్లకి నాలుగడుగుల దూరంలో ఆపుతాడు. ఒకసారి మేయరు భార్యనే ఆపాడు. "అమ్మా, మీరు చాలా బాగున్నారు. అక్కడి నుంచైతే ఇంకా బాగుంటారు" అన్నాడు. ఆవిడ దాన్ని మెచ్చుకోలనుకుని అక్కడే నిలబడింది.

వంట నాది. బడికి వెళ్ళింది రెండేళ్ళే. పిండి ఎంత పల్చగా ఒత్తాలో బడిలో ఎలాగూ చెప్పరు. అతిథులు కూర్చోకముందు మాకో పద్ధతి ఉంది. మాంసం కూరిన పిండి మడతలు, మేం అన్యొలొత్తి అంటాం, ఒక గిన్నెలో వేసుకుని, మీద వేడి వేడి ఎముకల చారు పోసుకుంటాను. ఆ రోజు తెరిచిన మొదటి సీసాలోంచి ఎవాజియో అందులో కాస్త వైన్ పోస్తాడు. పొయ్యి పక్కన నిలబడే నేను తాగాలి. ఆ తర్వాతే భోజనాల గంట.

ఈ ఏడాది శుక్రవారం ఒకావిడ దూరానికే తెలిసేంత సెంటు పూసుకుని వచ్చి, ఎవాజియో బల్ల మీదికి వాలి మాట్లాడింది. అతను ఏమీ అనలేదు. వయసుతో మెత్తబడ్డాడనుకున్నాను.

శనివారం నా గిన్నెలో వైన్ పోశాడు. ఆవిరి మొహానికి తగిలింది. నేలమాళిగలో తడిసిన అట్టపెట్టె వాసన. చల్లటి గ్లాసులో కొంత దాగుతుందేమో గానీ వేడి చారులో దాగదు. తలెత్తి చూశాను. అతను సీసా మూతి తుడుస్తున్నాడు.

"ఎలా ఉందక్కా?" అన్నాడు. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఎప్పుడూ అడగలేదు.

గిన్నె తొట్టిలో పారబోశాను. "ఇంకోటి తియ్యి" అన్నాను.

తీశాడు. ఈసారి తను వాసన చూడకుండా బిరడా నా చేతికిచ్చాడు. ఆ మధ్యాహ్నమంతా, వంటింట్లో వెలుతురు బాగుంటుందని సాకు చెప్పి, ప్రతి సీసా నా దగ్గరికి తెచ్చాడు. ముప్ఫై ఎనిమిదింట్లో రెండు ఆపాను. ఎవాజియో ఈ ఏడు మరీ జాగ్రత్తగా ఉన్నాడని అందరూ మెచ్చుకున్నారు.

ఆదివారం పొద్దున నేను పిండి ఒత్తుతుంటే వచ్చాడు.

"ఎప్పటి నుంచిరా?" అన్నాను.

"ఫిబ్రవరిలో జ్వరం వచ్చింది చూడు, అప్పట్నుంచి. కాఫీ తాగితే వేడినీళ్ళు తాగినట్టుంది."

"డాక్టరేమన్నాడు?"

"వస్తే రావచ్చన్నాడు. రాకపోతే రాదన్నాడు."

"అది చెప్పడానికి అంత చదువు చదివాడా? సరేలే. నిన్న ఎవరికీ తెలియలేదు. ఇవాళ కూడా అలాగే కానిద్దాం. వచ్చే ఏడూ అంతే."

"నిన్న నా ముక్కుని పొగిడారక్కా. వాళ్ళు పొగిడింది నీ ముక్కుని. నేను తల ఊపుతూ నిలబడ్డాను."

"నా ముక్కుకి వాళ్ళ పొగడ్తలు అక్కర్లేదు. పిండి ఆరిపోతోంది, పక్కకి తప్పుకో."

తప్పుకోలేదు. ఏప్రన్ విప్పి, గుత్తులు పైకి కనపడేలా మడిచి, పిండి అంటని చోట చూసి పెట్టాడు.

"మధ్యాహ్నం గౌదెన్సియో మామ వస్తాడు" అన్నాడు. "ఆయన కూర్చున్నాక ఇది కట్టుకుని బయటికి రా. ఆ రోజు ఆయనతో నేనన్న మాట నాతో అను, అందరి ముందూ. నేను పక్కకి జరుగుతాను. ఆయనకిప్పుడు సరిగా వినపడదు, కాస్త గట్టిగా అను."