నూనె సీసాకి బొట్టు

మా ఇంట్లో నూనె సీసాకి బొట్టు ఉంటుంది. పొద్దున్న వంట కాగానే అమ్మ సీసాని కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి, నూనె ఎంతవరకు ఉందో చూసి, సరిగ్గా ఆ మట్టం దగ్గర నుదుటి మీది స్టిక్కరు తీసి అతికిస్తుంది. సాయంత్రానికి నూనె ఆ బొట్టు కిందికి దిగిందంటే ఇంట్లో దొంగ పడ్డట్టే. అనుమానితులం ఇద్దరమే. ఒకరు మా నాన్న జగన్నాధం, రెండోవాణ్ణి నేను.

అమ్మ పేరు ఈశ్వరి. ఇలాంటి ఆడవాళ్ళ గురించి ఎవరు రాసినా కష్టజీవి అని మొదలుపెడతారు. కష్టం ఎవరైనా పడతారు. మా అమ్మది అనుమానం. పాలవాడు నీళ్ళు కలిపాడని, గ్యాసు బండ తేలిగ్గా ఉందని, ఆటోవాడు చిల్లర మింగాడని, నేను స్నానం చేయకుండానే తల తడుపుకొని వచ్చానని అనుమానం. చెప్పుకోడానికి చిరాకే గానీ, పాలవాడి విషయంలోనూ నా తల విషయంలోనూ ఆమె అనుమానం నిజమే.

ముందు నుంచీ ఇంత కాదు. నాలుగేళ్ళ కిందట నాన్న బంధువొకడితో కలిసి వరి కోత మిషన్లో వాటా తీసుకున్నాడు. దానికి కోటబొమ్మాళిలో ఎరువుల షాపు నారాయణమూర్తి దగ్గర మూడు లక్షలు తెచ్చాడు. మొదటి సీజన్లోనే మిషను బురదలో కూరుకుపోయింది, బంధువు ఫోను ఎత్తడం మానేశాడు, చివరికి మిషను ఫైనాన్సు వాళ్ళు తోలుకుపోయారు. అప్పు మాత్రం మా గుమ్మంలో ఉండిపోయింది. నారాయణమూర్తి మనిషి వీధిలో నిలబడి "ఓ జగన్నాధం! ఉన్నావేటి?" అని ఊరంతా వినేలా పిలిచేవాడు. అప్పటి నుంచి డబ్బు పెత్తనం అమ్మది. నాన్న ఇప్పుడు వేరేవాళ్ళ ట్రాక్టరు తోలుతున్నాడు. జీతం తెచ్చి అమ్మ చేతిలో పోస్తాడు. అమ్మ దాన్ని బొడ్లో సంచిలో దోపి, ప్రతి సంత రోజూ కోటబొమ్మాళి వెళ్ళి నారాయణమూర్తికి కట్టి వస్తుంది.

అప్పుకి ముందు కొన్న ఫ్రిజ్జు ఒకటి ఉంది. కరెంటు తీసేసి అందులో పప్పులు పోస్తుంది, ఎలుకలు దూరవని. పొద్దున్న సోడి అంబలి, అంటే రాగి జావ; మధ్యాహ్నం అన్నం, పులుసు. ఊళ్ళో ఎవరింటికైనా సారె వస్తే, పంచిన లడ్డూలూ సేగోడీలూ మా ఇంట్లో నెలాఖరు దాకా బతికి ఉంటాయి. సేగోడీ మెత్తబడిపోయినా సరే, కొంచెం ఎండలో పెట్టి మళ్ళీ పెడుతుంది.

నేను విజయనగరంలో బియ్యెస్సీ రెండో ఏడు మానేశాను. క్లాసులు ఎగ్గొట్టి ఫోన్ల షాపులో కూర్చునేవాణ్ణి. డిస్‌ప్లే మార్చడం, ఛార్జింగు పిన్ను వేయడం అక్కడే వచ్చాయి. ఇంటికొచ్చాక కోటబొమ్మాళి స్టేషను రోడ్లో జెరాక్సు షాపు ఖాళీ అయిన గదొకటి చూశాను. ఓనరు అడ్వాన్సు ఇరవై వేలు అడిగాడు. నెలాఖరులోగా ఇవ్వకపోతే చికెన్ పకోడీ వాడికి ఇచ్చేస్తానన్నాడు.

అమ్మని అడిగాను.

"అప్పు తీరనీ," అంది.

"ఎప్పుడు తీరతాది?"

"తీరినప్పుడు."

"నారాయణమూర్తికి ఇంకెంత ఉన్నాదో అదైనా సెప్పు."

"సదువు మానేసినప్పుడు నన్నడిగావేటి? ఇప్పుడు లెక్కలెందుకు నీకు? ఆ సీసా ఇలా తే."

సీసాలో నూనె బొట్టు కిందికి ఉంది. నాన్న గుడ్డు వేయించుకున్నాడు. తిట్లు నాకు పడ్డాయి.

ఆ సాయంత్రం నాన్న నన్ను పశువుల సాల వెనక్కి రమ్మని సైగ చేశాడు. "ఒరే త్రినాథూ, సంతలో టీ కొట్టు ఎర్రన్న ఉన్నాడు గదా. ఆడు వారాల మీద డబ్బులిప్పిత్తన్నాడంట. మీ యమ్మకి మాత్రం తెలవకూడదు. తెలిసిందంటే మనిద్దర్నీ సంపేస్తాది."

ఎర్రన్నని నేను మావా అంటాను. మర్నాడు వెళ్ళి అడిగితే టీ వడకడుతూనే తల ఊపాడు. "నాది కాదురా డబ్బు. పెద్దోళ్ళున్నారు. అడిగి సెప్తాను."

"ఎవులు మావా పెద్దోళ్ళు?"

"నీకు డబ్బు కావాలా, పేర్లు కావాలా?"

వారం తిరిగేసరికి జవాబొచ్చింది. డబ్బు నా చేతికి ఇవ్వరట, నేరుగా గది ఓనరుకే ఇస్తారట. వడ్డీ నూటికి రెండు. అసలు కొంత, వడ్డీ కొంత ప్రతి సంత రోజూ ఎర్రన్నకి కట్టాలి. ఫోన్‌పే పనికిరాదు, నోట్లే. అంతవరకు బాగానే ఉంది. ఎర్రన్న గొంతు సవరించుకొని ఇంకో రెండు షరతులు చెప్పాడు.

"పొద్దున్న ఎనిమిదికల్లా షట్టరెత్తాలంట. ఆలస్యమైతే మొత్తం ఒక్కసారే కట్టాలంట. మరొకటి... ఫోన్లో ఆ కాల్చుకునే ఆటేదో ఉన్నాది గదా, తీసెయ్యాలంట."

నాకు ఒళ్ళు మండింది, భయమూ వేసింది. నేను తొమ్మిదింటి దాకా పడుకుంటానని, ఫోన్లో ఆట ఆడతానని ఈ పెద్దోళ్ళకి ఎలా తెలుసు? నా అనుమానం నారాయణమూర్తి మీదికి పోయింది. తండ్రి మెడలో ఒక తాడు వేశాడు, కొడుకు మెడలో ఇంకోటి వేస్తున్నాడు అనుకున్నాను. నాన్న మాత్రం ట్రాక్టరు ఓనరనే అన్నాడు. "ఆడే. నేను లేటుగా వస్తే వాచీ సూత్తాడు. అలాటి బుద్ధి ఆడిదే." ఎవరైతేనేం, పకోడీ వాడు కాచుకొని ఉన్నాడు. ఆట తీసేశాను. గది తీసుకున్నాను.

అమ్మతో ఎవరిదో షాపులో పనికి కుదిరానని చెప్పాను.

"ఎవుడిది షాపు?"

"ఒకాయనది."

"ఆయనకి పేరు నేదేటి?" అని నా మొహంలోకి చూసింది. ఇంకేమీ అడగలేదు. అమ్మ రెండు ప్రశ్నలతో ఆగిపోవడం అదే మొదటిసారి. నాకు అప్పుడే తట్టాల్సింది.

షాపు నడవడం మొదలైంది. పగిలిన గ్లాసులు, నీళ్ళలో పడ్డ ఫోన్లు, కాలేజీ కుర్రాళ్ళు తెచ్చే ఛార్జరు వైర్లు. సంత రోజు ఎర్రన్నకి కట్టడం, ఇంట్లో జీతమని కొంత అమ్మకివ్వడం. ఒక వారం కట్టిన వాటిలో మధ్యకి చిరిగిపోయిన రెండొందల నోటు ఉంది. బోర్డు వేడి చేసేటప్పుడు చుట్టూ వేసే పచ్చ టేపు ముక్క అతికించి ఇచ్చాను. ఆ టేపు మా ఊళ్ళో ఇంకెవరి దగ్గరా ఉండదు.

రెండు రోజుల తర్వాత అమ్మ నాన్నని కారప్పొడి తెమ్మని నోటు ఇచ్చింది. పచ్చ టేపు.

ఎర్రన్నకి ఇచ్చిన నోటు అమ్మ బొడ్లోకి ఎలా వచ్చింది? ఒక్కటే దారి కనపడింది. అమ్మ కూడా ఆ పెద్దోళ్ళ దగ్గర అప్పు తెస్తోంది. నారాయణమూర్తిది తీర్చలేక, దాని మీద ఇంకో అప్పు. మమ్మల్ని అంబలి తాగించి, తను లోపల ఇంకో గొయ్యి తవ్వుతోంది. ఆ రాత్రి పక్క గదిలో అమ్మ దగ్గినా, మనసులో ఏదో దాచుకొని దగ్గుతున్నట్టే అనిపించింది.

పొద్దున్నే నారాయణమూర్తి షాపుకి వెళ్ళాను. యూరియా బస్తాల మధ్య కూర్చొని పేపరు చదువుతున్నాడు.

"మా బాకీ ఇంకెంత ఉందో తెలుసుకుందామని వచ్చానండి."

కళ్ళజోడు పైనుంచి చూశాడు. "ఏటి బాకీ? నిరుడు కార్తీక మాసంలోనే కట్టేసింది గదా మీ యమ్మ. ఆఖరి రోజు వడ్డీలో నూరు రూపాయలు తగ్గించమని ఇదిగో ఈ బస్తా మీదే పొద్దెక్కిందాకా కూకుంది. తగ్గించాను. ఏటి, ఇంట్లో సెప్పనేదేటి?"

నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. కార్తీకం వెళ్ళి మళ్ళీ సంక్రాంతి, ఉగాది, వానాకాలం నాట్లు అన్నీ అయిపోయాయి. అన్నాళ్ళూ నాన్న జీతం "అప్పుకి" పోతూనే ఉంది. అప్పు లేదు. మరి డబ్బేది?

సంత రోజు షాపుకి తాళమేసి ఉల్లిపాయల వాడి పట్టా చాటున నిలబడ్డాను. ఎండు చేపల వరసలో, సముద్రపు ఒడ్డు ఊరి నుంచి వచ్చే కూర్మమ్మ బుట్టల పక్కన, గోనెపట్టా మీద మా అమ్మ కాళ్ళు చాపుకొని కూర్చుని ఉంది. ఇంట్లో టీ పొడి కొనని మనిషి అక్కడ గ్లాసుతో టీ తాగుతోంది. ఒక ముసలామె వచ్చి మడత నోట్లు ఇచ్చి వెళ్ళింది. గాజులమ్మే మనిషి వచ్చి చేయి చాస్తే అమ్మ బొడ్లోంచి తీసి ఇచ్చింది, ఇచ్చే ముందు వేలు చూపించి ఏదో హెచ్చరించింది. తర్వాత ఎర్రన్న వచ్చాడు. పొద్దున్న నేను ఇచ్చిన నోట్లు నేను చుట్టిన రబ్బరు బ్యాండుతోనే అమ్మ ఒళ్ళో పెట్టాడు.

కూర్మమ్మ నన్ను చూసింది. "ఒలే ఈశ్వరీ, మీ గుంటడే!"

అమ్మ తల తిప్పలేదు. "షాపుకి తాళమేసొచ్చాడేటి, తెరిసే వొగ్గేసొచ్చాడేటి అడుగు."

నేను ముందుకెళ్ళాను. "నువ్వేనా పెద్దోళ్ళు?"

"కూకో. ఎర్రన్నా, ఈడికో టీ. డబ్బులు ఈడి దగ్గరే తీసుకో."

ఎర్రన్న టీ పేరుతో మాయమైపోయాడు. కూర్మమ్మ పక్కకి తిరిగి ఎండు కవ్వళ్ళ చేపల మీద ఈగలు తోలుతున్నట్టు నటించింది గానీ చెవులు ఇటే ఉన్నాయి.

"నారాయణమూర్తి అప్పు తీరిపోయిందంట కదా."

"ఎవులు సెప్పారు?"

"ఆయనే."

"ఆడికి నోరాగదు," అని అమ్మ గ్లాసు కింద పెట్టింది. "తీరిందంటే ఏటవుతాదిరా? మీ నాన్న ఆ సాయంత్రమే ఇంకో మిషను సూసొస్తాడు. నువ్వు మంచం దిగవు. నాకు తెల్దేటి మీ ఇద్దరి సంగతి?"

"అందుకని వడ్డీ యాపారమేటి?"

"నానేటి కావాలని పెట్టానా? ఈ కూర్మమ్మ ఒక సంతకి సరుకు కొనడానికి డబ్బులు సాలక ఏడుత్తంటే ఇచ్చాను. పై వారం వడ్డీతో తెచ్చింది. అడగలేదు నాను, అదే తెచ్చింది."

"తేవాలి గదేటి," అంది కూర్మమ్మ ఈగలతో.

"సరే, వాళ్ళకిచ్చావు. నేను నీ కొడుకుని. నేనడిగితే ఇవ్వలేవా? ఎర్రన్న ఎందుకు మధ్యలో? వడ్డీ ఎందుకు?"

"కొడుక్కిస్తే తిరిగొస్తాదేటి? కాలేజీకిచ్చింది వచ్చిందేటి?"

చుట్టూ అంతమంది అరుస్తున్నారు, ఆ ఒక్క మాటే వినపడింది. కోపం తీర్చుకోడానికే అడిగాను.

"నాన్నకి తెలుసా?"

అమ్మ మొదటిసారి నా వైపు తిరిగింది. ఆమె నుదుట బొట్టు లేదు. ఆ రోజుది సీసా మీద ఉంది.

"సెప్తావేటి?"

నేను టీ కొట్టు వైపు చూశాను.

"పెళ్ళైన కాడి నుంచి ఆయన జీతం తిన్నగా ఇంటికొచ్చింది ఈ అప్పు ఉన్నప్పుడే," అంది, గొంతు తగ్గించి. "సగం దారిలో ఎవుడో ఒకడు భుజమ్మీద సెయ్యేసి తీసుకుపోయేవోడు. అప్పున్నాదని భయపడి ఇంటికొస్తన్నాడు. రానీ. ఆ భయం తీసెయ్యకు."

అమ్మ నా చేతికి అంత తేలిగ్గా చిక్కడం ఎప్పుడూ చూడలేదు. ఒక్క మాట చాలు, నాలుగేళ్ళుగా కట్టుకున్నదంతా కూలిపోతుంది. వడ్డీ మాఫీ చేయమని బేరం పెడదామా అని ఒక క్షణం అనుకున్నాను, అబద్ధమెందుకు. టీ వచ్చింది. తాగి, నా డబ్బులే ఇచ్చి, షాపుకి వెళ్ళిపోయాను.

ఆ రాత్రి ముగ్గురం అన్నాలకి కూర్చున్నాం. నాన్న పులుసు కలుపుకుంటూ, రోజూ అడిగినట్టే అడిగాడు. "ఇంకెంత ఉన్నాదే బాకీ?"

అమ్మ గరిట పట్టుకొని ఆగింది. నా వైపు చూడలేదు. చూడకుండా ఉండడానికి ఎంత కష్టపడుతోందో మెడలో నరం చెప్పింది.

"ఉన్నాది నాన్నా," అన్నాను నేను. "నారాయణమూర్తి దగ్గరకెళ్ళి కనుక్కొచ్చాను. ఇంకా సాలా ఉన్నాది."

నాన్న నిట్టూర్చాడు. "సరే, వచ్చే నెల రెండు ట్రిప్పులు ఎక్కువ కొడతాను."

అమ్మ లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళింది. వచ్చి, వేయించిన ఎండు చేప ముక్క ఒకటి నా కంచంలో వేసింది. నెల మధ్యలో, ఏ పండగా లేకుండా, నూనెలో వేయించిన ముక్క. వడ్డీలో రూపాయి తగ్గదని నాకు తెలుసు. అది దేనికో కూడా తెలుసు. తినేశాను.

నాన్న ముద్ద ఆపి నా కంచంలో మిగిలిన ముల్లు వైపు చూశాడు. తర్వాత నా వైపు. తర్వాత అటక మీదున్న నూనె సీసా వైపు, దాని బొట్టు వైపు, అమ్మ వైపు. మా ఇంట్లో అమ్మ అనుమానపు చూపు ఇక ముగ్గురికీ వచ్చేసింది.