అంపైరు కుర్చీలో మా బావ

మా బావ పోయాడు. రాష్ట్రం వచ్చి ఇంకా రెండు నెలలు నిండలేదు. పగలు పన్నెండు గంటలప్పుడు నాచారంలో మా కంపెనీ షెడ్డులో ఉండగా అక్క ఫోన్ చేసింది. మిషన్ల రొదలో ఆమె మాట వినబడక, "ఏందక్కా, జర గట్టిగ జెప్పు" అని కసిరాను. "మీ బావ లేడురా తమ్మీ" అని గట్టిగానే చెప్పింది. నా ముఖం చూసి పక్క మిషన్ అతను స్విచ్ ఆపాడు. అప్పుడు వినబడింది అక్క ఏడుపు.

ఈ నాలుగు మాటలు చదివే మీలో ఆయన ఎవరికీ తెలిసి ఉండడు. ఉప్పల్‌లో ఒక ప్రభుత్వ పరిశోధన సంస్థలో పరికరాలు బాగుచేసే మెకానిక్‌. జనగామ దిక్కు నుంచి వచ్చినవాడు. ముప్పై నాలుగేళ్ళు వచ్చేదాకా టెన్నిస్ రాకెట్ ముట్టుకోలేదు. వాళ్ళ క్వార్టర్ల వెనక ఎర్రమట్టి మొరం పరిచిన కోర్టు ఒకటి ఉండేది. బదిలీ మీద వెళ్ళిపోతూ ఒక సైంటిస్టు తన పాత రాకెట్‌ని ఆయన చేతిలో పెట్టి పోయాడట. ఆ రోజు నుంచి కిడ్నీలు చెడేదాకా మా బావ పొద్దున ఆరింటికి ఇంట్లో దొరికింది లేదు.

ఆట గొప్పదేమీ కాదు, ఉన్నమాట చెప్పాలి కదా. బ్యాక్‌హ్యాండ్ అసలే లేదు. బంతి ఎడమవైపు వస్తే చుట్టూ తిరిగొచ్చి కుడివైపు నుంచే కొట్టేవాడు. మేం నవ్వితే, "సుట్టు తిరిగి వోతే ఏంది, ఇల్లు జేరినమా లేదా?" అనేవాడు. ఆదివారం పొద్దున దారం పట్టుకుని గొంతుకూర్చుని సున్నంతో గీతలు వేసేవాడు. గీత కాస్త వంకర పోతే చెరిపి మళ్ళీ వేసేవాడు. "పండుగ నాడు నా వాకిట్ల ముగ్గుకు సున్నం తెమ్మంటే యాదికుండదు, గీడ మాత్రం మూటలు మోస్తడు" అని అక్క దెప్పేది. బావ తలెత్తకుండానే, "నీ ముగ్గు మీద పంచాయితీ కాదు గదనే" అనేవాడు.

టీవీలో పెద్ద పోటీలు వస్తే నేను ఉప్పల్ చేరాల్సిందే. ఇద్దరం మంచం మీద కూర్చుని చూసేవాళ్ళం. లోకమంతా ఆటగాళ్ళని చూస్తే ఈయన ధ్యాసంతా కుర్చీలో కూర్చున్న అంపైరు మీదే. అంపైరు కిందికి వంగి మైకును అరచేత్తో మూసి ఆటగాడితో ఏదో అంటుంటే చాలు, నా తొడ మీద ఒక్క చరుపు చరిచేవాడు. "సూడు బామ్మర్దీ, మైకు మూసిండు! గది అంపైరంటే. ముందుగాల సెవిల జెప్పాలె. ఇనకుంటే అప్పుడు మైకుల జెప్పాలె."

నాకు ఆ మాట నచ్చేది కాదు. మా షెడ్డులో కొలత చూసే గేజీలో దూరిన ఇనుప ముక్క పాస్, దూరనిది తుక్కు. మధ్యలో జాలి ఏమిటి? రూలు ఉన్నాక అంపైరు దయాదాక్షిణ్యాలు ఎందుకని వాదించేవాణ్ణి. "ముక్కకు పానం లేదు, ఆడెటోనికి ఉన్నది" అనేవాడు బావ. "రూలు పుస్తకానికి కండ్లుంటె కుర్సీ మీద పుస్తకాన్నే పెడుదురు, మనిషెందుకు?"

అలాగని అంపైర్లందరినీ మెచ్చుకునే మనిషి కాదు. సర్వీసుకు పెద్ద ఆటగాడు ఎంతసేపు తీసుకున్నా ఊరుకుని, ఊరూపేరూ లేనివాణ్ణి వెంటనే హెచ్చరించారంటే మంచం దిగి లేచేవాడు. "సూస్తివా? పేరున్నోనికి సెవిల, పేరు లేనోనికి మైకుల. గిది దయ గాదురా, భయం!" అని టీవీకి వేలు చూపించి తిట్టేవాడు. వంటింట్లోంచి అక్క, "ఆయనకు ఇనవడ్తలేదు, జర కూసోండ్రి" అనేది.

బంతి గీతకు లోపల పడిందో బయట పడిందో టీవీలో కంప్యూటర్ బొమ్మతో చూపించడం వచ్చిన కొత్తల్లో నేను ఎగిరి గంతేశాను. ఇక తగాదాలే ఉండవన్నాను. బావకు మాత్రం మట్టికోర్టు ఆటలే ప్రాణం. అక్కడ బంతి పడిన చోట మట్టిలో గుర్తు మిగులుతుంది. అనుమానం వస్తే అంపైరు కుర్చీ దిగి నడుచుకుంటూ వచ్చి, వంగి చూసి చెబుతాడు. "మిషిను జెప్పింది కరెక్టే కావచ్చు. గని దిగొచ్చి సూసినోని మాట ఏరు" అనేవాడు.

ఇప్పుడు అసలు సంగతి చెప్పాలి. ఇది రాయడానికి కూర్చున్నదే దీని కోసం.

తొమ్మిదేళ్ళ కిందట ఉప్పల్, నాచారం, మౌలాలి చుట్టుపక్కల టెన్నిస్ ఆడేవాళ్ళంతా కలిసి ఒక టోర్నమెంటు పెట్టుకున్నారు. ఫైనల్ బావ వాళ్ళ కోర్టులోనే. నేనూ, మౌలాలి నుంచి వచ్చిన ఒక రైల్వే గార్డూ ఆడుతున్నాం. అంపైరు కుర్చీలో మా బావ. బామ్మర్ది ఆటకు బావ అంపైరా అని ఎవరో అంటే ఆ గార్డే, "ఆయనే ఉండాలండీ, ఇంకెవరూ వద్దు" అన్నాడు. మా బావకున్న పేరు అలాంటిది.

మూడో సెట్టులో ఆ గార్డు మ్యాచ్ పాయింటు దాకా వచ్చాడు. అతను కొట్టిన బంతి నా వెనక గీత దగ్గర పడింది. నేను "అవుట్" అని అరిచాను. గుర్తు చూడమని అతను చేయెత్తాడు. బావ కుర్చీ మెట్లు దిగడం మొదలుపెట్టాడు.

నేను కిందికి చూశాను. గుర్తు గీతను తాకి ఉంది. కొంచెమే, చిటికెన వేలి గోరంత. తాకితే బంతి లోపల పడ్డట్టే. చూశాక నా కాలు దాని మీద రాసేశాను.

బావ వచ్చి వంగి చూశాడు. మట్టికోర్టు రూలు ఒకటుంది. తనవైపున్న గుర్తును అంపైరు చూడకముందే ఆటగాడు చెరిపేస్తే పాయింటు అవతలివాడిదే. బావ నడుం ఎత్తి, నావైపు చూడకుండా, "గుర్తు కనవడ్తలేదు. పాయింటు అవతలాయనది. మ్యాచు అయిపోయింది" అన్నాడు.

నేను రెచ్చిపోయాను. అలవాటుగా కాలు కదిలిందనీ, పాయింటు మళ్ళీ ఆడించాలనీ అరిచాను. రూలంటే రూలే అని రోజూ వాదించిన పెద్దమనిషిని నేనే! "అంపైరుకు కండ్లుంటయంటివి, ఏడవోయినయ్ నీ కండ్లు? నీకు పేరు గావాలె, అందుకనే బామ్మర్ది గొంతు గోసినవ్" అన్నాను. నలుగురిలో అన్నాను. చూసేవాళ్ళలో సగం మంది నన్నే సమర్థించారు. కనీసం ఆ పాయింటు మళ్ళీ ఆడించాల్సిందన్నారు. ఆడించే అధికారం అంపైరుకు ఉండీ వాడుకోలేదన్నారు.

మా అమ్మయితే బావను వదల్లేదు. అల్లుడితో ఎదురుపడి మాట్లాడే అలవాటు లేని మనిషి, ఆయన చెవిన పడేటట్టు గోడతో చెప్పేది: "బామ్మర్దికి ఒక్క పాయింటు ఇయ్యనోడు రేపు నా బిడ్డకేమిస్తడు?" పండుగకు మా ఇంటికి వచ్చినప్పుడు బావ అన్నం ముద్ద కలుపుకుంటూ వినేవాడు. నేనూ వినేవాణ్ణి. అమ్మా, తప్పు నాది అని ఒక్కమాట అంటే సరిపోయేది. నోరు రాలేదు. మూడేళ్ళు బావతో మాట్లాడలేదు. ఆయన డ్యూటీలో ఉన్నప్పుడు చూసి అక్క ఇంటికి పోయేవాణ్ణి. దొంగే పోలీసు మీద అలిగినట్టు!

కిడ్నీలు పాడయ్యాయని తెలిశాక ఆ అలక నిలబడలేదు. వారానికి రెండుసార్లు డయాలిసిస్‌కు దవాఖానాకు నా బండి మీద తీసుకుపోయేవాణ్ణి. మొదటిరోజు బండెక్కి నా భుజం మీద చెయ్యి వేసి, "మెల్లగ వోనియ్యి, మన బంతులు ఎవలేం గుంజుకపోతలేరు" అన్నాడు. మూడేళ్ళ తర్వాత ఆయన నాతో అన్న మొదటి మాట అది. బండి నడుపుతూ ఏడ్చాను. హెల్మెట్ ఉంది కాబట్టి సరిపోయింది.

ఉద్యమం రోజుల్లో ఒకసారి బంద్. ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర అడ్డంగా కూర్చున్నారు. నేను బండి మీదినుంచే గొంతు చించుకున్నాను. "పేషెంటున్నడు, కనవడ్తలేదా?" అన్నాను. వాళ్ళూ లేచారు, మాటకు మాట పెరిగింది. బావ మెల్లగా దిగి వాళ్ళలో పెద్దవాడి దగ్గరికి పోయి చెవి దగ్గర ఏదో అన్నాడు. అతను దండం పెట్టి, తానే ముందు నడిచి దారి చేసిచ్చాడు. ఏం చెప్పినవ్ బావా అంటే, "ఏం లేదు, మా బామ్మర్దికి బీపీ ఉన్నది, మనసుల వెట్టుకోకుండ్రి అన్న" అన్నాడు. ఆ రోజు దారంతా నవ్వుకున్నాం.

ఆరేళ్ళు అలా తిరిగాం. అన్ని ముచ్చట్లూ చెప్పుకున్నాం, ఆ ఒక్కటి తప్ప. ఈసారి చెప్పేయాలి అనుకుని బయల్దేరేవాణ్ణి. డయాలిసిస్ మిషన్ పక్కన పడుకుని నీరసంగా కళ్ళు మూసుకున్న మనిషిని చూస్తే ఇప్పుడెందుకులే అనిపించేది. అది ఆయన మీద జాలి అని నన్ను నేను నమ్మించుకున్నాను. కాదు, పిరికితనం.

మొన్న జూన్‌లో, రాష్ట్రం వచ్చిన వారమే, వీధిలో ఇంకా పటాకులు కాలుస్తున్నారు. టీవీలో మట్టికోర్టు పోటీ. అంపైరు కుర్చీ దిగి గుర్తు చూడటానికి నడిచివస్తున్నాడు. మంచం మీద ఇద్దరం ముందుకు జరిగాం. ఆ అంపైరు వంగి చూస్తుండగా బావ, టీవీ మీదినుంచి చూపు తిప్పకుండానే అన్నాడు.

"ఆయాల్ల పాయింటు మల్ల ఆడిపిస్తె అయిపోతుండె. నిన్ను మస్తు గోస వెట్టిన. మనసుల వెట్టుకోకు బామ్మర్దీ."

అంతకన్నా మంచి సమయం నాకు ఎవరిస్తారు? చివరికి నేనన్నది ఏమిటో తెలుసా? "పోనీ తియ్ బావా. నేనెప్పుడో మాఫ్ జేసిన."

మాఫ్ చేశానట! ఆ మాట రాస్తుంటే ఇప్పుడు కూడా నా చెంప మీద నేను కొట్టుకోవాలని ఉంది. బావ నావైపు తిరిగి చూశాడు. కోపంగా కాదు. "సరే" అని, "వానికి చాయ్ పొయ్యవే" అని అక్కను కేకేశాడు.

దినవారాలు అయిన మర్నాడు అక్క ఆయన చొక్కాలు మడత పెడుతుంటే పక్కన కూర్చుని అంతా చెప్పేశాను. గుర్తు గీతను తాకిందనీ, చూసే చెరిపాననీ చెప్పాను. అక్క చేతులు ఆగలేదు.

"నాకెరుకేరా."

"ఎట్లెరుక?"

"ఆయాల్లనే జెప్పిండు. వాడు కిందికి సూసిండు, సూసినంక కాలు రాసిండు అన్నడు. కుర్సీ మెట్లు దిగుతుంటె కనవడ్డదట."

"మరి అమ్మ అన్నన్ని మాటలంటుంటే నువ్వన్న జెప్పకపోతివి?"

"నాతోని ఒట్టు వెట్టించుకున్నడు. మోసం జేసిండని నలుగుట్ల అంటే వాడు మల్ల రాకెట్ పట్టడు, నన్ను మొండోడనుకుంటే నాకేం వోయింది అన్నడు." చొక్కా గుండీ పెట్టి, మళ్ళీ అంది. "మొన్న జూన్‌ల గూడ నువ్వే జెప్తవని ఆశ వడ్డడు. నేను జర తగ్గి మాట్లాడితే వాడు నోరిప్పుతడు అన్నడు. నువ్వు వోయినంక అడిగిన, జెప్పిండా అని. లేదు, గని చాయ్ మంచిగ తాగిండు అన్నడు."

నేను అక్క ఒళ్ళో తల పెట్టి ఏడ్చాను. నాకు యాభై దాటాయి. సిగ్గేం పడలేదు. అంపైరు తన అధికారం వాడుకోలేదని ఇన్నేళ్ళూ అందరం అన్నాం. ఆయన మొత్తం వాడుకున్నాడు. నా కోసమే వాడుకున్నాడు. బదులుగా చెడ్డపేరు తాను ఉంచుకున్నాడు. రైల్వే గార్డు గారూ, ఎక్కడున్నారో, ఇది మీ కంట పడితే తెలుసుకోండి, ఆ బంతి లోపలే పడింది.

తొమ్మిదేళ్ళ కింద, ఫైనల్ ఓడిన ఆ సాయంత్రం నేను ఎవరితోనూ చెయ్యి కలపకుండా సంచీ విసురుగా తీసుకుని వచ్చేశాను. గేటు దగ్గర బండి స్టార్ట్ చేస్తూ ఒక్కసారి వెనక్కి చూశాను. నేను ఆడిన వైపు గీత దగ్గర జనం గుమిగూడి, వంగి, వేళ్ళు చూపించుకుంటూ వాదించుకుంటున్నారు. కోర్టు చదును చేసే తడి గోనెపట్టాను బావ ఈడ్చుకొస్తున్నాడు. అది మామూలుగా ఓడినవాడు చేసే పని. నన్ను ఎత్తిపొడవడానికే చేస్తున్నాడనుకుని తూ అని ఉమ్మేశాను. ఆయన తాడు భుజానికేసుకుని, ముందుకు వంగి, "జరుగుండ్రి, జర జరుగుండ్రి" అని అందరినీ పక్కకు తప్పిస్తూ, నా బూటు జాడ ఉన్న మూల మీదుగా ఒకసారి లాగాడు. వెనక్కి వచ్చి మళ్ళీ లాగాడు.