ఒడిలో బంతి

మా పి.డి. గారు పోయారు. ఆ కబురు చెప్పడానికి మా కాలేజీ మార్కర్ కోనసీమ నుంచి మొదటి బస్సెక్కి రాజమండ్రి వచ్చాడు. నేనింకా ఆఫీసుకు బయల్దేరలేదు. గుమ్మం బయట చెప్పులు విడిచి, తలకు చుట్టుకున్న తుండుగుడ్డ తీసి చేత్తో పట్టుకుని, "మేస్టారు ఎల్లిపోయారండి బాబూ," అన్నాడు. నా నోటికి మొదట వచ్చిన ప్రశ్న "నీళ్ళలోనా?" అని. "లేదండి, ఇంట్లోనే. కాఫీ తాగి మంచమ్మీద ఒరిగారంట, మరి లెగలేదండి," అన్నాడు. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు మాత్రం, అమ్మయ్య, ఇంట్లోనే కదా అనుకున్నాను. చావు కబురు విని ఊరటపడ్డ మనిషిని మీరు తప్పుపట్టే ముందు ఆ ఊరట ఎక్కడిదో చెప్పుకోవాలి.

డెబ్భైల మొదట్లో మాది కొత్తగా పెట్టిన చిన్న కాలేజీ. కొబ్బరితోటల మధ్య రెండు పెంకుటి షెడ్లు, వాటి వెనక వానొస్తే చెరువయ్యే మైదానం. ఆటలు నేర్పే ఫిజికల్ డైరెక్టరును అందరం పి.డి. గారనే పిలిచేవాళ్ళం. సున్నంతో గీతలు గీసి, బంతులకు గాలి కొట్టి, గోల్ వలకు చిల్లులు పడితే అల్లిపెట్టే మనిషి మార్కర్. మా ఫుట్‌బాల్ జట్టుకు కోచింగ్ స్టాఫంటే ఆ ఇద్దరే. మార్కర్ గోదావరి ఒడ్డున వలలు వేసే ఇంట్లో పుట్టినవాడు, భయమంటే తెలియదు. అతని వంతు భయం కూడా పి.డి. గారే పడేవారు.

కొత్తవాళ్ళు ఆయన్ని చూసి పోలీసు ఇన్‌స్పెక్టరనుకునేవారు. ఆ మీసం, ఆ ఛాతీ, ఆ విజిలు అలాంటివి. తీరా చూస్తే అంత భయస్థుడు మా తాలూకాలోనే ఉండడు. ఉరుము వినిపిస్తే ప్రాక్టీసు ఆపేసేవారు. మైదానం మూల కరెంటు తీగ కిందికి వేలాడుతోందని కరెంటాఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగారు. కొబ్బరిచెట్టు కింద ఎవడైనా నడుం వాలిస్తే విజిల్ ఊదుకుంటూ పరుగెత్తుకొచ్చేవారు. "లేవరా! కాయ పడితే మీ అమ్మకేం చెప్పమంటావు నన్ను?" అనేవారు. రైలు గోదావరి వంతెన ఎక్కగానే అందరూ డబ్బులు విసిరి దండం పెట్టుకుంటుంటే, ఆయన తన వైపు కిటికీ షట్టరు దించేసేవారు. మా కెప్టెన్‌కు నోరెక్కువ. "సార్, మీకు భయం మరీ ఎక్కువండి," అని మొహమ్మీదే అన్నాడొకసారి. "ఎక్కువేరా. మీకెవరికీ లేదాయె. జట్టన్నాక ఎవడో ఒకడు పడాలిగా," అన్నారాయన. మేం పడీ పడీ నవ్వాం, ఆయనా నవ్వారు.

గెలిచినా ఓడినా ఆయన నోట ఒకటే మాట. "సంబరం తర్వాత, ముందు ఇంటికెళ్దాం." కప్పు చేతికిస్తుంటే కూడా ఆయన కళ్ళు బస్సు కోసం చూసేవి.

పైఊరు ఆటకు వెళ్ళేముందు ప్రతివాడి ఇంటికీ తానే వెళ్ళి అడిగేవారు. మాది పెనుగొండ నుంచి వచ్చి కిరాణా కొట్టు పెట్టుకున్న కుటుంబం. నాకు పైన పుట్టినవాళ్ళు బతకలేదని మా అమ్మ నన్ను కాలవ గట్టు కూడా ఎక్కనిచ్చేది కాదు. కోనసీమలో పెరిగి ఈత రానివాణ్ణి నేనే, అందుకని మా వాళ్ళు ఏడిపించని రోజు లేదు. నరసాపురం మ్యాచికి ముందు పి.డి. గారు మా కొట్టు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"అమ్మా, మీ అబ్బాయిని తీసుకెళ్తున్నానండి. మళ్ళీ నేనే తెచ్చి ఈ గుమ్మంలో అప్పజెప్తానండి."

"ఏరు దాటాలి కదండీ?" అంది అమ్మ.

"దాటాలండి."

"లాంచీ మంచిదేనాండీ?"

"మంచిదేనండి," అని ఆయన జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నారు. అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. వింటున్నవాడెవడైనా నన్ను యుద్ధానికి పంపుతున్నారనుకుంటాడు. నేను గోల్‌కీపర్ని. ఆ ఊరి కుర్రాళ్ళ కాళ్ళ దెబ్బలకు భయపడుతున్నాను గానీ ఏటి సంగతి నాకు పట్టలేదు.

ఏరు దాటేటప్పుడు ఆయనకొక పద్ధతుండేది. వేరే జట్లు ఒకటో రెండో బంతులు తెచ్చుకునేవి. మేం మాత్రం గోనెసంచుల నిండా బంతులు, అవీ గాలి కొట్టినవి, మోసుకుంటూ తిరిగేవాళ్ళం. రేవులో జనం "బంతుల బేరమాండీ?" అని నవ్వేవారు. లాంచీ కదిలే ముందు మార్కర్ ఒక్కో బంతినీ వేలితో టకటకా కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని గాలి పోతోందేమో విని, మనిషికొకటి చొప్పున ఇచ్చేవాడు. పి.డి. గారూ ఒకటి తీసుకునేవారు, మార్కర్ మాత్రం తీసుకునేవాడు కాదు. అవతలి ఒడ్డు వచ్చేదాకా అది ఒడిలో ఉండాలి. "బాల్ సెన్స్ రా ఇది. ఎంతసేపు పట్టుకుంటే అంత అలవాటవుతుంది," అనేవారు. కాలితో ఆడే ఆటకు ఒడిలో అలవాటేమిటని ఎవరికీ తోచలేదు. చెప్పింది మాస్టారాయె, పట్టుకునేవాళ్ళం.

శ్రావణమాసం అది. పొద్దున్న వెళ్ళేటప్పుడు వశిష్ఠ గోదావరి మామూలుగానే ఉంది. నరసాపురంలో వార్మప్పు చేస్తుండగా మా బ్యాకు తన్నిన బంతి ఒకటి ముళ్ళకంచెకు తగిలి తుస్సుమంది. మ్యాచి గెలిచాం. నేనొక పెనాల్టీ ఆపాను, జన్మకదే మొదలు, అదే ఆఖరు. అరుచుకుంటూ రేవుకొచ్చి, నీళ్ళు చూసి ఒక్కసారి నోళ్ళు మూశాం. ఎర్రనీరు వచ్చేసింది. పొద్దున్న మేం దిగిన మెట్లు లేవు. అరటిబోదెలు, ఏ ఇంటిదో తాటాకు కప్పు, ఒక చచ్చిన దూడ, ఒకదాని వెనకొకటి పడి పోతున్నాయి.

పి.డి. గారు ఆ రాత్రికి సత్రంలో ఉండిపోదామన్నారు. లాంచీ నడిపే సరంగు తల అడ్డంగా ఊపాడు. "రేపు అసలు లాంచీలు వదలరండి. ఈ పోటు చూస్తే వారం పట్టుద్దో ఏంటో. ఎల్లేవోళ్ళు ఇప్పుడే ఎల్లాలండి." ఆయన మార్కర్ వైపు తిరిగారు. మార్కర్ నీళ్ళు చూశాడు, మబ్బు చూశాడు. "ఎల్లిపోవచ్చండి, ఆయ్," అన్నాడు. ఆయన ఇంకా కదల్లేదు. అవతల తల్లులు ఎదురు చూస్తుంటారని మేమే తొందర పెట్టాం. ఆ మాటకు లొంగి లాంచీ ఎక్కారు.

ఏటి నడుమకొచ్చాక ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దం నాకిప్పటికీ చెవుల్లో ఉంది. అంతవరకూ ఇంజను మోతలో వినపడని నీటి హోరు అప్పుడు వినపడింది, మా కాళ్ళ కిందనుంచే. లాంచీ అడ్డం తిరిగి, కిందికి కొట్టుకుపోవడం మొదలెట్టింది. సరంగు కుర్రాడు పొడుగాటి గెడ దించి చూసి, "నేల అందట్లేదండీ!" అని కేకేశాడు. కూరగాయల గంపతో కూర్చున్న ముసలమ్మ "గోదారమ్మా, తల్లీ," అని ఏడుపు లంకించుకుంది. కిందికి పోతే అంతర్వేది, అది దాటితే సముద్రం. ఆ సంగతి అక్కడ తెలియనివాడు లేడు.

పి.డి. గారు లేచి, లాంచీ కొయ్య పట్టుకుని, ఒక్కొక్కడి దగ్గరికీ వచ్చారు. నా దగ్గరికొచ్చేసరికి ఆయన మీసం మీద చెమట కనిపించింది. నా ఒళ్ళో బంతిని పైకెత్తి ఛాతీకి ఆనించి, నా రెండు చేతులూ దాని చుట్టూ పెనవేశారు. 

"ఇలా పట్టుకో షావుకారూ. గడ్డం దీని మీద ఆనించు. ఏమైనా సరే, వదలకూడదు."

"ఏమైనా అంటే ఏంటి సార్?"

ఆయన బంతిని ఒకసారి లాగి చూసి, నా పట్టు ఇంకా బిగించారు. అప్పుడు తెలిసింది నాకు. బాల్ సెన్సూ లేదు, గాడిదగుడ్డూ లేదు. ఇన్నాళ్ళూ ఏరు దాటిన ప్రతిసారీ ఈ మనిషి తేలే బంతి చేతికిచ్చి మమ్మల్ని మునగకుండా కాచుకుంటున్నాడు. మేం భయపడకూడదని దానికి ఆటపేరు పెట్టాడు. ఆయన వైపు చూస్తే చేతులు ఖాళీగా ఉన్నాయి. కంచెకు తగిలి పోయిన బంతి లెక్క అక్కడ తేలింది.

"మీ బంతేదండీ?"

"నాకెందుకురా? నేను ఆడను కదా."

"మీకు ఈతొచ్చా సార్?"

ఆయన నా నెత్తి మీద చెయ్యి వేసి, "నోరు మూసుకుని బంతి పట్టుకో," అన్నారు. పక్కనున్న మార్కర్ మొహం తిప్పుకున్నాడు. కాసేపటికి తన తుండుగుడ్డ కొస ఒకటి పి.డి. గారి మణికట్టుకు చుట్టి, రెండో కొస తన చేతికి ముడేసుకోబోయాడు. మేం చూడడం లేదనుకున్నాడు. ఆయన ఆ గుడ్డ విప్పేసి మార్కర్ ఒళ్ళో పడేశారు.

"నా సంగతి నీకెందుకయ్యా? ఈ వరదలో ఇంకొకణ్ణి లాగగల ఈతగాడివి నువ్వొక్కడివే. ఆ షావుకారబ్బాయి పక్కన కూర్చో."

మార్కర్ లేచి వచ్చి నా పక్కన కూర్చున్నాడు, తుండుగుడ్డతో కళ్ళొత్తుకుంటూ. పి.డి. గారు ఒంటరిగా చివర, రెండు చేతులతో విజిల్ పట్టుకుని కూర్చున్నారు. నేను ఆయన్నే చూస్తూ ఉన్నాను. చూపు తిప్పితే ఆయన ఉండరేమోనని భయం.

ఎంతసేపు కొట్టుకుపోయామో తెలియదు. చివరికి లాంచీ ఒక లంక అంచున బురదలో దిగబడి ఆగింది. అక్కడ సరంగు ఇంజను విప్పి, తిట్టి, దండం పెట్టి, ఎలాగో మళ్ళీ పలికించాడు. రేవుకు చాలా దిగువన ఒడ్డెక్కాం. పి.డి. గారు ఏటిగట్టు మీద చతికిలపడి, మెడలోంచి విజిల్ తాడు తీయబోతే వేళ్ళు స్వాధీనంలో లేవు. మార్కర్ తీసిపెట్టాడు.

చీకటి పడే వేళకు మా కొట్టు ముందుకు తెచ్చి నిలబెట్టారు. "అమ్మా, మీ అబ్బాయండి," అన్నారు. అమ్మ నన్ను పట్టుకుని, "గెలిచారాండీ?" అనడిగింది. "వచ్చేశామండి," అన్నారాయన. నేను ఆపిన పెనాల్టీ గురించి ఎవరూ అడగలేదు, చెప్పాలని నాకూ అనిపించలేదు.

ఏరు సంగతి ఆ తర్వాత మాలో మేం మాట్లాడుకోలేదు. పై ఏడాది మళ్ళీ లాంచీ ఎక్కినప్పుడు, "బాల్ సెన్స్ రా," అన్నారాయన. "అవునండి," అని అందరం బంతులు గట్టిగా పట్టుకున్నాం. నోరెక్కువ కెప్టెన్ కూడా కిక్కురుమనలేదు. ఇప్పుడు మా చిన్నది ఇంటికి పది నిమిషాలు ఆలస్యమైతే నేను వీధి చివరకు వెళ్ళి నిలబడతాను. మా ఆవిడ "ఏంటండీ మీ భయం," అంటుంది. ఆ చదువు ఎక్కడ చదివానో ఆవిడకు తెలుసు.

అస్థికలు కలపడానికి పి.డి. గారి భార్య మేడమ్ గారు, వాళ్ళబ్బాయి, వెంట మార్కర్ రాజమండ్రి వచ్చి, మా ఇంట్లోనే దిగారు. పంతులు గారు పడవ మాట్లాడమన్నారు. మేడమ్ గారు నన్ను పక్కకు పిలిచి, "బాబూ, నడిమధ్యకి వద్దని చెప్పవా? ఆయనకి భయం," అన్నారు. ఆ మాట పంతులు గారికి ఎలా చెప్పాలో తెలియలేదు. చెప్పాను. ఆయన నా మొహం చూసి, "ఒడ్డునున్నదీ గోదావరే కదండీ," అన్నారు.

రేవులో మోకాటి లోతు నీళ్ళలో నిలబడి వాళ్ళబ్బాయి కుండ వంచాడు. మేం దండం పెట్టుకుని వెనక్కి తిరగబోతుంటే, మార్కర్ తన గోనెసంచిలోంచి బంతి తీశాడు. పాతకాలం తోలుబంతి, లేసు కొత్తది. వేలితో టకటకా కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. తర్వాత వంగి, పసిపిల్లను దించినట్టు నీళ్ళలో దించాడు.

"ఆయేళ ఆయనకి మిగల్లేదు కదండీ," అన్నాడు.

ప్రవాహం ఆ బంతిని నడిమధ్యకు లాక్కుపోతుందని నేను ఒక మెట్టు దిగాను. పోలేదు. ఒకసారి గుండ్రంగా తిరిగి, మెట్టుకు తగిలి, మళ్ళీ తగిలి, ఒడ్డునే పట్టుకుని, మెట్లవారగా మెల్లగా వెళ్ళిపోయింది.